బోర్డులో బయటివాళ్లు కూర్చుంటే కంపెనీ నడిచే తీరు నిజంగా మారుతుందా?

ఉండి కాలువ (శనివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, ప్రైవేట్ లిమిటెడ్. నాన్న, పెదనాన్న కలిసి మొదలుపెట్టారు. నాన్న పోయాక ఆయన వాటాతో పాటు డైరెక్టర్ సీటు కూడా నాకొచ్చింది. ఆరేళ్లుగా అకౌంట్లు, ఎగుమతి కాగితాలు నేనే చూస్తున్నాను.

కొత్త ఫ్రీజింగ్ లైన్ వేయడానికి డబ్బు కావాలి. పెట్టుబడి పెడతామని ఒక ఫండ్ వాళ్లు వచ్చారు. వాళ్ల షరతులు మూడు. బోర్డులో ఇద్దరు బయటి డైరెక్టర్లు ఉండాలి, ఆడిటర్‌ని మార్చాలి, కుటుంబ సభ్యులతో జరిగే ప్రతి లావాదేవీ బోర్డు ముందుకు రావాలి. పెదనాన్న ఒక్క మాటలో కొట్టిపారేశారు. "చెరువు గట్టు మీద ఒక్క రాత్రి నిలబడనివాడు వచ్చి నాకు చెప్పేదేంటమ్మా?" అన్నారు.

ఆయన మాటలో న్యాయం లేదని అనను. ఇన్నేళ్లలో రైతుకి డబ్బు ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదాయన. కానీ ప్లాంటుకి ఐస్ వచ్చేది పెద్దమ్మ పేరు మీదున్న ఐస్ ఫ్యాక్టరీ నుంచి. కోల్డ్ స్టోరేజీ అన్నయ్యది. రేటు, అద్దె పెదనాన్నే నిర్ణయిస్తారు, నేను సంతకం పెడతాను. బయట ఐస్ బ్లాకు ఎంతకి దొరుకుతుందని ఈమధ్య ఒకసారి అడిగితే ఇంట్లో రెండు రోజులు ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు.

నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నాను. బయటి డైరెక్టర్ల వల్ల కంపెనీ నడిచే పద్ధతి మారుతుందా? లేక కాగితాల పని పెరగడమేనా?

సొంత యజమాని (శనివారం, రాత్రి 9:50)

అమ్మా, నేను బాలానగర్‌లో ఇరవై ఏళ్లుగా మెషీన్ వర్క్స్ నడుపుతున్నాను. మీ పెదనాన్నగారి పక్షాన నాలుగు మాటలు చెప్తాను.

మన హైదరాబాద్‌లోనే సత్యం కంప్యూటర్స్ ఉండేది కదా. ఆ బోర్డులో ఎవరెవరున్నారో చూడండి. హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు, హైదరాబాద్ బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ డీన్ రామ్మోహనరావు, పెంటియం చిప్ తయారీలో పేరు తెచ్చుకున్న వినోద్ ధామ్, కేంద్రంలో క్యాబినెట్ సెక్రటరీగా చేసిన టి.ఆర్. ప్రసాద్. ఇంతకన్నా పెద్ద బయటివాళ్లని ఏ కంపెనీ తీసుకురాగలదు? 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కే గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండా ఏళ్ల తరబడి రాసిన వేల కోట్ల దొంగ లెక్కలు బయటపడ్డాయి. అన్నేళ్ల మోసాన్ని ఆ పెద్ద పేర్లలో ఒక్కటైనా ఆపిందా?

కంపెనీ నడిచేది నడిపేవాడి బుద్ధిని బట్టి. బుద్ధి మంచిదైతే బోర్డు అక్కర్లేదు, చెడ్డదైతే బోర్డు ఆపలేదు. నా అనుభవంలో తేలింది ఇదే.

లెడ్జర్ పుస్తకం (శనివారం, రాత్రి 10:35)

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. సొంత యజమాని గారు చెప్పిన పేర్లన్నీ నిజమే. ఆయన తేల్చినదాంతో మాత్రం నేను ఏకీభవించను.

2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు గారు తప్పు ఒప్పుకుంటూ బోర్డుకి రాసిన లేఖలో అంకెలు ఇవి. నగదు, బ్యాంకు నిల్వల్లో లేనిదాన్ని ఉన్నట్టు చూపింది 5,040 కోట్లు. అసలు రాని వడ్డీ 376 కోట్లు. పుస్తకాల్లో చూపని అప్పు 1,230 కోట్లు. ఖాతాదారుల నుంచి రావాల్సినదాన్ని ఎక్కువ చేసి చూపింది 490 కోట్లు. అన్నీ కలిపితే 7,136 కోట్లు. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికానికి ఆపరేటింగ్ లాభం 649 కోట్లని ప్రకటించారు. అదే లేఖ ప్రకారం అసలు లాభం 61 కోట్లు.

ఇందులో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ మొదటి అంకె. అమ్మకాల్లో ఇంత మోసమంటే పట్టుకోవడం కష్టమని ఒప్పుకుంటాను. అక్కడ తర్వాతి దర్యాప్తులో 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు తేలాయి. కానీ బ్యాంకులో డబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి కష్టమేముంది? ఆడిటర్ నేరుగా బ్యాంకుకి రాయాలి, జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి. మా దగ్గర శిక్షణలో ఉండే ఆర్టికల్స్ కుర్రాళ్లకి మొదటి ఏడాదిలోనే నేర్పే పని ఇది. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదుల్ని కంపెనీయే ఇస్తే వాటినే నమ్మి సంతకాలు పెట్టడం జరిగింది.

కాబట్టి బోర్డు ఎందుకు కనిపెట్టలేదంటే నా జవాబు ఒకటే. బోర్డుకి అందిన కాగితం ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చూడాలి. నడిపేవాడు ఇచ్చిన కాగితం మీద నడిపేవాడిని తనిఖీ చెయ్యడం కుదరదు. ఎంత గొప్ప ప్రొఫెసర్ అయినా అంతే. మీ ఫండ్ వాళ్లు ఆడిటర్‌ని మార్చమన్నారు చూశారా, మూడు షరతుల్లో నేను మొదట ఒప్పుకునేది అదే.

పాత షేర్‌హోల్డర్ (ఆదివారం, ఉదయం 6:20)

విజయవాడ నుంచి రాస్తున్నాను, రిటైర్డ్ టీచర్‌ని. ఈ విషయం వస్తే ఊరుకోలేను.

అందరూ జనవరి 7 గురించే మాట్లాడతారు. అంతకు మూడు వారాల ముందు జరిగినదాన్ని చూడాలి. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు ఒక నిర్ణయం తీసుకుంది. రాజుగారి కుమారుల చేతుల్లో ఉన్న మేటాస్ ప్రాపర్టీస్‌ని పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని మొత్తం 160 కోట్ల డాలర్లకి కొనాలని. సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బుతో సొంతవాళ్ల భూముల కంపెనీలు కొనడం అన్నమాట. ఇంగ్లిషులో సత్యం పేరుని తిరగేసి రాస్తే మేటాస్ అవుతుంది, అంత దగ్గరి సంబంధం.

బోర్డు సరేనంది. ఆపింది షేర్‌హోల్డర్లు. ఆ రాత్రి న్యూయార్క్‌లో సత్యం ఏడీఆర్, అంటే అమెరికా మార్కెట్లో అమ్ముడయ్యే సత్యం షేరు, ధర సగానికి పైగా పడింది. పెద్ద ఫండ్లు ఒప్పుకునేది లేదని తిరగబడ్డాయి. తెల్లారేసరికి కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ కొనుగోలు జరిగి ఉంటే లేని డబ్బు స్థానంలో భూములు వచ్చి కూర్చునేవి. ఉత్తుత్తి ఆస్తుల్ని నిజమైన వాటితో నింపడానికి అదే ఆఖరి ప్రయత్నమని ఆయనే తన లేఖలో రాశారు. షేర్‌హోల్డర్లు ఆ రాత్రి అడ్డం తిరగకపోతే మూడు వారాల తర్వాత ఆ లేఖ వచ్చేది కాదు.

ఇంకొకటి. 2001లో ప్రమోటర్ల వాటా, అంటే రాజుగారి కుటుంబం వాటా, 25 శాతం పైన ఉండేది. 2008 నాటికి తొమ్మిది శాతం లోపుకి వచ్చింది, అందులోనూ షేర్లు తాకట్టులో ఉన్నాయి. పదో వంతు కూడా సొంతం కాని కంపెనీని మొత్తం సొంతమన్నట్టు నడిపారు. తాకట్టు సంగతి మాలాంటి వాళ్లకి తెలిసే దారి అప్పట్లో లేదు. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు బయటపెట్టాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన తెచ్చింది 2009 జనవరిలో, అంతా అయిపోయాక. ఇప్పుడు నేను ఏ షేర్ కొనాలన్నా ముందు చూసేది ఆ తాకట్టు శాతమే.

సొంత యజమాని (ఆదివారం, ఉదయం 8:05)

మాష్టారూ, మీరు చెప్పింది లిస్టెడ్ కంపెనీ సంగతి. ఊరందరి డబ్బు ఉంది కాబట్టి ఊరందరికీ జవాబు చెప్పాలి, కాదనను. ఈ అమ్మాయిది కుటుంబ కంపెనీ.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 108 అంబులెన్సులు 2005లో మన రాష్ట్రంలో మొదలైంది రాజుగారు పెట్టిన ఈఎంఆర్‌ఐ సంస్థ ద్వారానే. మా మేనమామ ప్రాణం నిలిచింది 108 వల్ల. పశ్చిమ గోదావరి పల్లెల్లో వాళ్ల కుటుంబం బైర్రాజు ఫౌండేషన్ పెట్టిన తాగునీటి ప్లాంట్లు నేను కళ్లారా చూశాను. మనిషిని ఒక్క మాటతో తీసెయ్యడం నాకు మనస్కరించదు.

మినిట్స్ బుక్ (ఆదివారం, ఉదయం 11:30)

సొంత యజమాని గారూ, 108 విషయంలో మీకున్న కృతజ్ఞత నాకూ ఉంది. కానీ మనం పొరపాటు పడేది సరిగ్గా అక్కడే అనిపిస్తుంది. మంచి పనులు చేసేవాళ్లని లెక్క అడగడానికి మనకి నోరు రాదు. అంతటి మనిషిని అనుమానిస్తామా అనుకుంటాం. లెక్క అడగడం అనుమానించడం కాదని మన ఇళ్లలో ఎవరూ నేర్పరు. ఉండి కాలువ గారు ఐస్ రేటు అడిగితే రెండు రోజులు మాటలు ఆగిపోయాయి కదా, అదే ఇది.

నేను కంపెనీ సెక్రటరీని. పేరు చెప్పను గాని, కెరీర్ మొదట్లో పనిచేసిన ఒక కంపెనీలో మీటింగ్ జరగకముందే మినిట్స్, అంటే మీటింగ్‌లో ఏం జరిగిందో రాసే రికార్డు, టైపు చేయించేవారు. "చర్చించిన మీదట ఏకగ్రీవంగా ఆమోదించారు" అన్న వాక్యం ముందే రాసి ఉండేది. డైరెక్టర్లు వచ్చి సంతకం పెట్టి భోజనానికి వెళ్లేవారు. నాకు పాతికేళ్ల వయసు. ఇది తప్పని తెలిసినా చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ ఉద్యోగం మానేశాక కూడా చాలాకాలం అది నన్ను బాధపెట్టింది.

డిసెంబరు 16 నాటి సత్యం మీటింగ్‌లో స్వతంత్ర డైరెక్టర్లు, అంటే బయటివాళ్లు, నోరు మూసుకుని కూర్చోలేదు. సంబంధం లేని వ్యాపారంలోకి ఎందుకు వెళ్లాలని, ధర ఎలా కట్టారని అడిగారు. అడిగి, చివరికి అందరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాత రెండు వారాల్లోపు బయటివాళ్లలో నలుగురు వరసగా రాజీనామాలు చేశారు. అసమ్మతి ఉంటే దాన్ని మినిట్స్‌లో రాయించాలి. రాయించని అసమ్మతికి బోర్డులో విలువ లేదు. ఆ రోజు ఒక్కరు "నేను ఒప్పుకోవడం లేదు, నా పేరుతో రాయండి" అని ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

మీ కంపెనీకి వర్తించేవి చెప్తాను. ప్రైవేట్ కంపెనీకి స్వతంత్ర డైరెక్టర్లు ఉండి తీరాలని చట్టం అనదు. కానీ 2013 కంపెనీల చట్టం 184వ సెక్షన్ ప్రకారం ప్రతి డైరెక్టరూ తనకి ఏయే సంస్థల్లో వాటా, ప్రయోజనం ఉన్నాయో ఏటా ఎంబీపీ-1 ఫారంలో రాసి బోర్డుకి ఇవ్వాలి. బంధువులతో లావాదేవీలు 188వ సెక్షన్ కింద బోర్డు ఆమోదానికి రావాలి. మామూలు రేటుకి, రోజువారీ వ్యాపారంలో భాగంగా జరిగితే మినహాయింపు ఉంది. అయితే అది మామూలు రేటే అని చూపించే కాగితం మీ దగ్గర ఉండాలి. ఏడాదికి నాలుగు బోర్డు మీటింగులు, రెండింటి మధ్య 120 రోజులకి మించకూడదు. చిన్న కంపెనీలకి కొంత సడలింపు ఉంది. ఇవి నిజంగా జరుగుతున్నాయా, లేక ఏడాది చివర ఒకే రోజు నాలుగింటికీ సంతకాలు పెడుతున్నారా? నిజం చెప్పండి, ఎవరూ ఏమీ అనరు.

న్యూజెర్సీ నుంచి (ఆదివారం, రాత్రి 7:45)

బోర్డు ఏమీ చెయ్యలేదని పైన అన్నారు. ఆ కథలో రెండో సగం కూడా చెప్పుకోవాలి.

లేఖ వచ్చిన రోజు షేర్ 179 రూపాయల నుంచి 40 దగ్గరికి పడింది. సుమారు 53 వేల మంది ఉద్యోగులు, ఆ నెల జీతాలొస్తాయో రావో తెలియదు. ఆ టెన్షన్ అమెరికాలో ఆన్‌సైట్ ఉన్న తెలుగువాళ్ల ఇళ్లలో ఎంత ఉండేదో నేను దగ్గర్నుంచి చూశాను. ప్రభుత్వం రెండు రోజుల్లో పాత బోర్డుని రద్దు చేసింది. ముందు దీపక్ పారేఖ్, కిరణ్ కార్నిక్, అచ్యుతన్‌లని, తర్వాత తరుణ్ దాస్, మనోహరన్, మైనాక్‌లని వేసింది. జీతాల కోసం బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చారు, క్లయింట్లని ఒక్కొక్కరిగా ఆపుకున్నారు, బహిరంగంగా వేలం పెట్టారు. ఏప్రిల్ 13కల్లా టెక్ మహీంద్రా షేరు 58 రూపాయల చొప్పున గెలుచుకుంది. లేఖ వచ్చి వంద రోజులు కూడా కాలేదు.

ఉద్యోగులు వాళ్లే, ఆఫీసులు అవే, క్లయింట్లు చాలావరకు వాళ్లే. మారింది బోర్డు, పై కుర్చీల్లో కొందరు, అంతే. కంపెనీ బతికింది. బోర్డు వల్ల కంపెనీ నడిచే తీరు మారుతుందా అని అడిగితే నేను చూపించేది ఆ వంద రోజులనే.

ఇంకో తేడా గురించి కూడా చెప్తాను. అమెరికాలో ఇన్వెస్టర్లు అందరూ కలిసి ఒకే కేసు వేసి 2011లో సత్యంతో 12.5 కోట్ల డాలర్లకి, ఆడిట్ సంస్థతో 2.55 కోట్ల డాలర్లకి రాజీ చేసుకున్నారు. ఇండియాలో అవే షేర్లు కొన్నవాళ్లకి అలా కలిసి కేసు వేసే దారే లేదు. 2013 చట్టంలో 245వ సెక్షన్ వచ్చాకే దారి ఏర్పడింది. అదే మోసం, అదే కంపెనీ, చేతికొచ్చింది మాత్రం ఒక్క పక్కనే.

ఉండి కాలువ (ఆదివారం, రాత్రి 10:20)

అందరికీ ధన్యవాదాలు. మినిట్స్ బుక్ గారూ, నిజమే చెప్తున్నాను. మార్చి నెలాఖరులో మా అకౌంటెంట్ పుస్తకం తెస్తారు, నాలుగు చోట్ల సంతకం పెడతాను. ఆరేళ్లలో మేము బోర్డు మీటింగ్ అని కూర్చున్నది ఒక్కసారి కూడా లేదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

కానీ పెదనాన్నని సత్యం పక్కన పెట్టి చూడటం నాకు కష్టంగా ఉంది. ఆయన మోసగాడు కాదు. నన్ను చదివించింది ఆయనే.

లెడ్జర్ పుస్తకం (ఆదివారం, రాత్రి 11:05)

ఎవరూ ఆయన్ని అలా అనలేదమ్మా. బాధపడకండి.

అయితే రాజుగారి లేఖలోనే ఒక మాట ఉంది, దాన్ని కుటుంబ కంపెనీలన్నీ చదవాలి. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపినదానికీ మొదట్లో ఉన్నది స్వల్పమైన తేడా అని, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిపోయిందని రాశారు. పులి మీద స్వారీలా అయిందని, అది తినేయకుండా ఎలా దిగాలో తెలియలేదని రాశారు. ఎవరూ మొదటి రోజే 7,000 కోట్ల మోసానికి కూర్చోరు. మొదటి ఏడాది ఆ స్వల్పమైన తేడాని అడిగే మనిషి ఉంటే అది అక్కడే ఆగుతుంది.

మీ ఐస్ సంగతి తీసుకోండి. బయట రేటుకన్నా బ్లాకుకి పది రూపాయలు ఎక్కువ ఇస్తున్నారనుకుందాం. రోజుకి 300 బ్లాకులైతే మూడు వేలు. ఏడాదికి 300 రోజులు ప్లాంటు నడిస్తే తొమ్మిది లక్షలు. ఇది మీ వాటాలోంచి, అంటే మీ నాన్నగారి వాటాలోంచి కూడా పెద్దమ్మగారి ఖాతాకి వెళ్తున్న డబ్బు. ఒకవేళ బయటకన్నా తక్కువకే ఇస్తున్నారనుకోండి, అప్పుడు మీ ప్లాంటు లాభం కొంత నిజం కాదు. రేపు ఐస్ ఫ్యాక్టరీ అన్నయ్య చేతికి వెళ్లి రేటు పెంచితే అది తెలుస్తుంది. ఏ వైపు తేడా ఉన్నా ఫండ్ వాళ్లకి అది తెలియాలి. ముందు మీకు తెలియాలి.

సొంత యజమాని (సోమవారం, ఉదయం 7:10)

రాత్రంతా దీని గురించే ఆలోచించాను. నేను చెప్పిన ఒక మాట సరిచేసుకుంటున్నాను. నడిపేవాడి బుద్ధి మంచిదైతే చాలన్నాను. ఎనిమిదేళ్ల కింద పెద్ద అప్పు చేసి ఒక యంత్రం కొన్నాను. ఒక్క కస్టమర్ ఆర్డర్‌ని నమ్ముకుని కొన్నాను. ఆ ఆర్డర్ ఏడాదిలో ఆగిపోయింది. అందులో మోసం ఏమీ లేదు, నా బుద్ధీ మంచిదే. ఆ ఆర్డర్ పోతే ఏం చేస్తావని అడిగే మనిషి నాకు లేడు, అంతే. మా ఆవిడ అడిగింది గాని నేను వినలేదు. ఆ అప్పు తీర్చడానికి ఐదేళ్లు పట్టింది.

అయినా అమ్మా, ఒక జాగ్రత్త చెప్తాను. ఫండ్ వాళ్లు కూర్చోబెట్టే మనిషి నామినీ డైరెక్టర్. అతను చూసేది ఫండ్ డబ్బు ఎప్పుడు, ఎంత లాభంతో వెనక్కి వస్తుందని. రొయ్య రేటు పడిన ఏడాది రైతుకి అడ్వాన్సు ఆపమంటాడు. మీ పెదనాన్నగారు ఆపరు, అది మీ ప్లాంటు పరువు. కాబట్టి ఇద్దరిలో ఒకరినైనా మీరూ వాళ్లూ కలిసి ఎంచుకోండి. వాళ్ల అనుమతి లేకుండా చెయ్యకూడని పనుల జాబితా ఒప్పందంలో ఉంటుంది, దాన్ని లాయరు దగ్గర పంక్తి పంక్తీ చదివించండి. గవర్నెన్స్ పేరుతో పెత్తనం కూడా వస్తుంది.

మినిట్స్ బుక్ (సోమవారం, ఉదయం 9:40)

నామినీ గురించి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. లిస్టెడ్ కంపెనీల్లో కూడా నామినీని స్వతంత్ర డైరెక్టర్‌గా లెక్కపెట్టకూడదని 2013 చట్టం చెప్పింది.

పాత షేర్‌హోల్డర్ (సోమవారం, సాయంత్రం 5:30)

మంచిమాట. పెత్తనం ఎటునుంచి వచ్చినా ఆపగలిగేది ఓటే. 2021లో ఐషర్ మోటార్స్‌లో ఎండీ సిద్ధార్థ లాల్ నియామకం, జీతం ఒకే తీర్మానంలో పెడితే కావాల్సిన 75 శాతం ఓట్లు రాలేదు. మనిషి మీద ఎవరికీ కోపం లేదు, జీతం పరిమితి ఎక్కువన్నారు. బోర్డు దాన్ని తగ్గించి మళ్లీ తెచ్చింది, నెగ్గింది. నాకున్నవి కొద్ది షేర్లే గాని ఏ కంపెనీ ఈ-ఓటింగ్ మెయిల్ వచ్చినా చదివి ఓటు వేస్తాను. మీ వాటా కొద్దిదేమీ కాదు కదమ్మా.

ఉండి కాలువ (గురువారం, రాత్రి 9:55)

మీ అందరికీ చెప్పాలని వచ్చాను. నిన్న రాత్రి భోజనాలయ్యాక పెదనాన్న దగ్గర కూర్చున్నాను. సత్యం పేరు ఎత్తలేదు. ఎంబీపీ-1 ఫారం ముందు పెట్టి, ముందు నాది నేను నింపాను. మా అమ్మ పేరు మీద కంపెనీ వాడుకుంటున్న రెండు సెంట్ల షెడ్డు ఉంది, అది రాశాను. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత పెన్ను తీసుకుని ఐస్ ఫ్యాక్టరీ, కోల్డ్ స్టోరేజీ రెండూ సొంత చేత్తో రాశారు. "మీ నాన్న ఉంటే నన్ను ఇలా అడిగేవాడు కాదు" అన్నారు. కాసేపాగి, "అడగాల్సింది" అన్నారు.

ఆడిటర్‌ని మార్చడానికి ఒప్పుకున్నారు. బయటి డైరెక్టర్లు ఇద్దరు కాదు, ఇప్పటికి ఒక్కరే అంటున్నారు. చెరువుల పని తెలిసినవాళ్లయి ఉండాలట. ఫండ్ వాళ్లతో ఆ మాట మీద ఇంకా తేలలేదు.

మొదటి బోర్డు మీటింగ్ వచ్చే నెల 12న. మూడో అంశం ఐస్ రేటు. ఆ అంశం వచ్చినప్పుడు తాను బయట కూర్చుంటానన్నారు పెదనాన్న. ప్రైవేట్ కంపెనీలో ముందే వెల్లడిస్తే ఉండొచ్చని చెప్పాను. "అయినా కూర్చుంటా, నేనుంటే నువ్వు నోరు తెరవవు" అన్నారు.

చుట్టుపక్కల నాలుగు ఐస్ ఫ్యాక్టరీల రేట్లు సేకరిస్తున్నాను. సీజన్‌లో, అన్‌సీజన్‌లో రేటు వేరు, రవాణా కొందరు కలిపి చెప్తారు, కొందరు విడిగా చెప్తారు. వీటన్నిటినీ ఒకే లెక్కలోకి తెచ్చే ఫార్మాట్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.

లెడ్జర్ పుస్తకం (గురువారం, రాత్రి 10:30)

ఉంది. ఒక క్లయింట్‌కి పాల చిల్లింగ్ సెంటర్ కోసం చేశాను, ఐస్‌కి మార్చి రేపు సాయంత్రంలోగా పెడతాను. రేట్లు ఫోన్‌లో అడిగినవి కాకుండా బిల్లు కాపీలు తీసుకోండి, కనీసం రెండు సీజన్‌లవి.